గోనవారి ఆడపడుచు

"ఏమున్నదక్కా గుట్ట మీద? అన్నీ రాళ్ళే! ఎండల వాడిపోయి వస్తరు" అన్నది జామకాయలమ్మే ఆవిడ, కాయలు తూకం వేస్తూనే.

మన పాత కోటల గురించి చాలా వ్యాసాలు చదివాను గానీ ఇంత సూటి విమర్శ ఎక్కడా చదవలేదు. ఆవిడ పుట్టి పెరిగింది ఆ గుట్ట నీడలోనేనట. చిన్నప్పుడు మేకల వెంట ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆవిడకే లెక్క లేదు. అయినా ఆ గుట్ట ఆవిడతో చెప్పిన మాట ఒక్కటే, రాళ్ళు. తప్పు ఆవిడదంటారా? నేననను. పైకెక్కి దిగొచ్చాక నేను మాత్రం ఎక్కువేం చెప్పగలిగాను కనుక!

ఖిల్లా ఘనపురం సంగతి చెబుతున్నాను. వనపర్తి జిల్లాలో ఉంది. 2016 దాకా అంతా ఒకే పాలమూరు జిల్లా. ఆ ఏడు అక్టోబరులో విడదీసి వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల దేనికది జిల్లా చేశారు. మా ఆడబిడ్డ ఇల్లు వనపర్తిలో. మొన్న సెలవులకు వెళ్ళాం. వెళ్ళేసరికి ఇల్లంతా మూగనోము పట్టినట్టుంది. ఏమిటా అంటే, మా ఆడబిడ్డ కూతురికి డిగ్రీ అయిపోయింది, హైదరాబాదులో ఎమ్మే చరిత్రలో సీటొచ్చింది. "మనింట్ల ఆడపిల్లను హాస్టల్ల పెట్టి చదివించిన రివాజు లేదు" అన్నారు అన్నయ్యగారు. చెడ్డ మనిషి కారు. పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా తలాపున కూర్చునే మనిషి. కానీ వాళ్ళది పేరున్న ఇల్లు. పేరున్న ఇంట్లో ప్రతి పనికీ ముందు నలుగురూ ఏమంటారన్న మాట అడ్డమొచ్చి నిలబడుతుంది కదా. పిల్ల ఎదురు చెప్పలేదు, అన్నం మానలేదు. పుస్తకాలు మాత్రం కట్టగట్టి అటక మీద పెట్టేసింది. అది చూడలేక, "పదవే, రేపు ఖిల్లా చూసొద్దాం" అన్నాను. మా వారు కారు తోలడానికి ఒప్పుకున్నారు, గుట్ట ఎక్కడానికి ఒప్పుకోలేదు. చెట్టు నీడన పేపరు పరుచుకుని కూర్చుండిపోయారు.

రెండు గుట్టలను కలుపుకుంటూ కట్టిన కోట. 13వ శతాబ్దంలో గోన గణపారెడ్డి కట్టించాడని చెబుతారు. ఆయన పేరున అది గణపురం, నోళ్ళలో నాని నాని ఘనపూరైంది. కిందనున్న పెద్ద చెరువు గణపసముద్రం. గోనవారు కాకతీయులకు సామంతులు. వాళ్ళ రాజధాని వర్ధమానపురం. ఎక్కడో అనుకునేరు, నాగర్‌కర్నూలు జిల్లాలో ఇప్పటి నందివడ్డెమాన్. శనేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించడానికి అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉంటారు. అది ఒకప్పటి రాజధాని అని వాళ్ళలో ఎందరికి తెలుసో!

ఎక్కడం కష్టమే. మోకాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు నెమ్మదిగా ఎక్కండి. దారి పొడుగునా సీతాఫలం చెట్లు, ముళ్ళ పొదలు. ఈ కోటలో నాకు నచ్చిందేమిటంటే గుట్టకూ గోడకూ తగాదా లేకపోవడం. ఇల్లంత గుండు ఒకటి ఉంటే దాన్నే గోడగా వాడుకున్నారు. గుండు అయిపోయిన చోట మనుషులు పేర్చిన రాళ్ళు మొదలవుతాయి, మళ్ళీ గుండు రాగానే ఆగిపోతాయి. ఇంట్లో ఉన్నదానితోనే వంట గడిపేసే ఇల్లాలి తెలివి కనిపించింది నాకందులో.

కానీ ఏ బురుజు దేనికో, ఏ గది ఎవరిదో చెప్పే మాట ఒక్కటీ మేము వెళ్ళిన రోజున మా కంట పడలేదు. కాలేజీ కుర్రాళ్ళు నలుగురు ఒక బురుజెక్కి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకడు నడుమున చేతులు పెట్టుకుని, "నేను గోన గన్నారెడ్డినిరా" అని కేకేశాడు. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో అల్లు అర్జున్ వేసిన వేషమది. నవ్వొచ్చింది గానీ వాణ్ణి ఏమనను? నేను మాత్రం ఆ మెట్లెక్కింది ఎవరిని వెతుక్కుంటూ? వాడిది సినిమా, నాది నవల. అంతే తేడా.

అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' నేను పదిహేనో ఏట చదివాను, పరీక్షల ముందు, లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని. పెళ్ళికి బయల్దేరిన వాళ్ళను ఎత్తుకుపోయే గజదొంగ, ఆ దొంగతనం వెనక దేశభక్తి, ఇష్టం లేని పెళ్ళి తప్పించుకుని రుద్రమదేవి పంచన చేరిన అన్నాంబిక. ఆ అన్నాంబికే మా తరం ఆడపిల్లలకు గుర్రం మీద ఎక్కడం నేర్పింది, కలలోనే అనుకోండి. బాపిరాజుగారు చిత్రకారుడు కూడా. ఆయన వాక్యాలకు రంగుంటుంది. గోడ కనబడితే చాలు దాని మీద ఒక సాయంకాలం ఎండ పరుస్తారు. ఆయన మీద నాకు గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. అయితే ఆ రోజు గుట్ట మీద నిలబడి చూస్తుంటే నవలలోని కోట ఒకటి, ఈ కోట ఒకటి అనిపించింది. నాకు గుర్తున్నంతలో ఆయన కోటలో సభలున్నాయి, రహస్య మార్గాలున్నాయి, వెన్నెల ఉంది. వంటిల్లు గుర్తుకు రాలేదు.

ఆ మాట నాకు తోచేలా చేసింది పిల్ల. రాతి సందులో నీళ్ళు నిలిచిన గుండం ఒకటుంది. దాని పక్కన కూర్చుని చెప్పులు విప్పి, "అత్తా, ఈడికెళ్ళి పైదాకా నీళ్ళెవరు మోసేటోళ్ళు?" అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎవరు మోసుంటారు? బిందెలు రాజుగారు మోయరు కదా! పైన వందమంది సిపాయిలుంటే వాళ్ళకు జొన్నలు ఎవరు విసిరారు? ఈ రాళ్ళు కొట్టినవాళ్ళు, ఎత్తినవాళ్ళు ఏ వాడవాళ్ళు? ఇక్కడికి దూరం కాని రాయచూరు కోటలో 1294 నాటి శాసనమొకటుంది. గోన గన్నారెడ్డి దగ్గర సేనాని విఠలనాథుడు ఆ కోట కట్టించినట్టు చెప్పే శాసనం. 41 అడుగులకు పైన పొడవున్న ఒకే రాతి పలక. ఆ గోడ మీదే, అంత బండను బండి మీద లాక్కొస్తున్న బొమ్మ కూడా చెక్కి పెట్టారు. కోట గొప్పదని రాసుకున్న రాజులు చాలామంది ఉన్నారు. దాన్ని లాగినవాళ్ళ బొమ్మ కూడా వేయించాలనే బుద్ధి ఎవరిదో గాని వారికి నా నమస్కారం.

"ఇంకోటి చెప్పనా అత్తా? ఈ గోనోళ్ళ బిడ్డనేనంట తెలుగుల తొలి కవయిత్రి. మా మేడం చెప్పింది" అన్నది పిల్ల, కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ.

"మొల్ల కదే?" అన్నాను నేను.

"మొల్ల కంటె ముందు తాళ్ళపాక తిమ్మక్క. ఆమె కంటె రెండొందల ఏండ్ల ముందు ఈమె."

చెప్పొద్దూ, సిగ్గేసింది. నేను తెలుగులో పట్టా పుచ్చుకున్న మనిషిని. గోన బుద్ధారెడ్డి నాకు తెలుసు, రంగనాథ రామాయణం తెలుసు. ద్విపదలో వచ్చిన ఆ రామాయణాన్ని ఆయన తన తండ్రి విఠలనాథుడి పేర చెప్పాడనీ, ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచ విభుడు, విఠలుడు పూర్తి చేశారనీ పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కూతురుందని ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు.

ఆ కూతురు పేరు కుప్పాంబిక. మల్యాల గుండనాథుడనే కాకతీయ దండనాథుడి భార్య. ఆయన పోయాక 1276లో బుద్ధాపురంలో ఆమె శాసనం వేయించింది. భర్త పేర గుండేశ్వరుడనే శివుణ్ణి ప్రతిష్ఠించింది. అప్పటికి ఓరుగల్లు గద్దె మీద ఉన్నది కూడా స్త్రీయే, రుద్రమదేవి. బుద్ధాపురమంటే ఇప్పటి భూత్పూరు. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే పెద్ద రోడ్డు దాని పక్కనుంచే పోతుంది. ముందు రోజు మేము దాని మీదుగానే వచ్చాం. అక్కడ ఆగి టీ తాగాం. టీ బాగుందన్న సంగతే నాకు గుర్తున్నది.

ఇక కుప్పాంబిక పేర మనకు మిగిలిన పద్యం ఒక్కటంటే ఒక్కటి. తరువాతి వాళ్ళు కూర్చిన ఒక పాత సంకలనంలో చిక్కి బతికింది. శృంగార పద్యం. ఒక కన్య తన చెలికత్తెతో మొరపెట్టుకుంటుంది. మన్మథుడి బాణాలు తప్పించుకోలేను. పసితనం పోయీ పోని ఈ వయసు గుండె దిటవు చేసుకోనివ్వడం లేదు. మీబోటివాళ్ళతో చెప్పుకుందామా అంటే సిగ్గు. ఇవన్నీ ప్రబంధ నాయికలు అందరూ అనే మాటలే, కొత్తేం లేదు. అసలు మాట ఆ తర్వాత ఉంది. నేను పుట్టిన వంశం నాకు నా ఇష్టాన నడిచే వీలివ్వదు, ఇక నా కోరికలు ఒడ్డుకు చేరేనా అంటుంది.

ఈ నాలుగో మాట దగ్గర నేను ఆగిపోయాను. మగకవులు చెప్పిన విరహిణులు చందమామను తిడతారు, చిలకను తిడతారు, మలయమారుతాన్ని తిడతారు. పుట్టింటి గొప్పతనాన్ని తప్పుపట్టిన నాయికలు ఎంతమంది? ఈ మాట అనాలంటే గొప్పింట్లో పుట్టి ఉండాలి. గోడ లోపలివైపు ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. కోట అనేది శత్రువు లోపలికి రాకుండా కట్టిందని మనకు బడిలో చెప్పారు. లోపలివాళ్ళు బయటికి పోకుండా కూడా అది పనికొచ్చిందని ఈ ఒక్క పద్యం చెబుతోంది. గన్నారెడ్డి పేరున ఎన్ని పేజీలున్నా ఈ సంగతి నాకు తెలియలేదు మరి.

ఆ పద్యం రాసింది ఈ కుప్పాంబికేనా, అదే పేరు గల ఇంకొకరా అని ఎవరైనా అడగవచ్చు. అడగనివ్వండి, పండితుల పని అది. నన్నడిగితే శాసనాన్నీ పద్యాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలంటాను. శాసనంలో ఉన్నది నలుగురి ముందు నిలబడిన కుప్పాంబిక. ఫలానావారి కూతురు, ఫలానావారి ఇల్లాలు, భర్త పుణ్యం కోసం గుడి కట్టించిన మనిషి. ఆ మాటలు రాతి మీద చెక్కదగ్గవి గనుక చెక్కించింది. పద్యంలో ఉన్నది చెలికత్తె చెవిలో చెప్పిన మాట. అది రాయికెక్కదు, ఎవరో చదివి దాచుకుంటేనే బతుకుతుంది. మనలో ఎవరికి ఈ రెండు గొంతులూ లేవు చెప్పండి? పెళ్ళిపత్రికలో అచ్చయ్యే గొంతొకటి, వంటింట్లో అక్కచెల్లెళ్ళతో గుసగుసలాడే గొంతొకటి. ఏడు వందల ఏళ్ళ కిందటి ఒక మనిషివి రెండూ మిగలడం ఎంత అరుదు!

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ ఇంటి సొత్తు మరొకటి మనందరి ఇళ్ళలో ఉంది. వారధి కడుతుంటే ఇసుకలో పొర్లి సాయం చేసిన ఉడుత కథ. వాల్మీకంలో లేదది. మనకు రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. పిల్లలకు అన్నం తినిపిస్తూ ఆ కథ చెప్పని అమ్మమ్మ లేదు. ఉడుతాభక్తి అన్న మాట రోజూ వాడుతూనే ఉంటాం. జామకాయలమ్మే ఆవిడను దిగొచ్చాక అడిగాను. "రాములవారు ఈపు నిమిరితే గద మూడు గీతలు పడ్డయ్" అని ఆవిడే నాకు చెప్పింది. ఆ కథ చెప్పినాయన ఈ గోనవారి ఇంటివాడేనమ్మా అంటే, చేతిలో తక్కెడ కింద పెట్టి గుట్ట వైపు తిరిగి చూసింది. "గీ గుట్టోళ్ళా?" అన్నది.

ఆ ఒక్క చూపు కోసమే నేనిదంతా రాస్తున్నాను. ఆవిడకు కథ తెలుసు, గుట్ట తెలుసు. రెంటికీ బంధుత్వమని ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పే పని మ్యూజియానిది.

మరునాడు పిల్లను వెంటబెట్టుకుని ఆలంపురం వెళ్ళాం. దారిలో గద్వాల. అక్కడి కోట మట్టికోట. సోమనాద్రి అని పిలుచుకునే పెద సోమభూపాలుడు 17వ శతాబ్దంలో కట్టించినది. లోపల చెన్నకేశవస్వామి గుడి, దానితోపాటు డిగ్రీ కాలేజీ. కాలేజీ పేరు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారిది. భర్త పోయాక సంస్థానాన్ని తానే ఏలిన రాణి ఆవిడ. కోట వాకిట్లో ఒక ఆడమనిషి పేరు పెద్ద అక్షరాలతో కనబడితే ప్రాణం లేచొచ్చింది. (చీరలు కొనలేదా అని అడగకండి. మా ఆడబిడ్డకొకటి, నాకొకటి. నూలు ఒంటికి పట్టు అంచును పోగులో పోగు మెలివేసి మగ్గం మీదే కలిపే పనితనం చూస్తూ కూర్చుంటే మా వారికి పేపరు చదవడం రెండుసార్లు పూర్తయింది.)

ఆలంపురం మ్యూజియం 1952 నాటిది. నవబ్రహ్మ ఆలయాల పక్కనే ఉంది. బాదామి చాళుక్యుల కాలపు శిల్పాలు చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి ఈ ఊళ్ళోనే తిరిగి నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్ళ ఓపికకు దణ్ణం పెట్టాలి. మ్యూజియంలో లజ్జాగౌరి ముందు చాలాసేపు నిలబడ్డాను. తల స్థానంలో తామరపువ్వు, శరీరం ప్రసవ వేళ తల్లిది. పిల్లల కోసం ఆడవాళ్ళు కొలిచిన దేవత. నా పక్కన ఒక చిన్నది, పెళ్ళయి రెండు మూడేళ్ళయి ఉంటుందేమో, అటూ ఇటూ చూసి గబుక్కున చేతులు జోడించింది. భర్త అప్పటికే తర్వాతి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ శిల్పం ఎన్నో శతాబ్దానిదో అక్కరలేదు. ఆ రాయి ఎవరి కోసమో ఆమెకు తెలిసిపోయింది.

మన మ్యూజియాల సంగతి నాకు తెలిసినంతలో చెబుతాను, ఏ ఒక్కదానినీ అనడం లేదు. శిల్పం కింద పలక మీద మూడే మాటలుంటాయి, పేరు, రాయి రకం, శతాబ్దం. పెళ్ళిచూపుల్లో పిల్ల పేరు, ఎత్తు, రంగు చెప్పినట్టు. దాన్ని చేయించింది ఎవరు, కొలిచింది ఎవరు, ఏ కోరికతో కొలిచారు అన్న సంగతులు మనం ఊహించుకోవాలి. రాజుల బొమ్మలకూ దేవుళ్ళ బొమ్మలకూ ఎలాగో సరిపోతుంది. గుట్ట మీద నీళ్ళు మోసినవాళ్ళకు ఆ పలక మీద చోటెక్కడిది?

ఈ మాట ముందే అన్నవాడు ఈ గడ్డ మీదే ఉన్నాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు. ఇప్పటి గద్వాల జిల్లా ప్రాంతపు మనిషి. తెలంగాణలో కవులెక్కడున్నారని ఎవరో అంటే మాటలతో తగవు పెట్టుకోక, 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. తరువాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అందులో రాజుల వంశవృక్షాల కంటే జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు ఎక్కువ. కావ్యాలలోంచి, శతకాలలోంచి ఒక్కొక్క మాటే ఏరుకుని మన ముత్తవ్వల ఇళ్ళు మళ్ళీ కట్టి చూపించారు. నిజానికి పాలమూరుకు ఒక మ్యూజియం ఎప్పుడో కట్టేశారాయన, కాయితాల మీద. దానికి గదే కావాలి.

ఎంత గది కావాలి? మహా అయితే బడిలో ఒక తరగతి గదంత. ఖిల్లా ఘనపురం గుట్ట కింద, జామకాయల బండికి దగ్గరలో. అందులో భూత్పూరు శాసనం అచ్చు ఒకటి తీసి పెట్టండి, పక్కనే ఈనాటి తెలుగులో దాని అర్థం, ఐదో తరగతి పిల్ల చదువుకునేటట్టు. కుప్పాంబిక పద్యం పెట్టండి. ఊళ్ళో పాత ఇళ్ళల్లో తిరగలి, రోలు, నీళ్ళ కాగు దొరక్కపోవు. రాళ్ళు కొట్టే సమ్మెట, ఉలి కూడా. గణపసముద్రం కింద ఏ కాలవ ఏ పొలానికి పారేదో ఊరి పెద్దలు చెబితే గోడ మీద గీయండి. ద్విపద పాడగల ముసలమ్మ ఒకరు ఉంటే ఆమె గొంతు పట్టిపెట్టి, మీట నొక్కితే ఉడుత కథ వినిపించేటట్టు చేయండి. ఆ తర్వాత గుట్ట ఎక్కమనండి. ఎవరు రాళ్ళంటారో చూద్దాం.

"ఊరికొక మ్యూజియం పెడితే అవుతుందా?" అన్నారు మా వారు, కారులో. ఎందుకు కాదూ? జర్మనీలో మార్బుర్గ్ అనే ఊరుంది. కొండ మీద కోట, కోటలోనే అక్కడి విశ్వవిద్యాలయంవారి మ్యూజియం. మన కుప్పాంబిక శతాబ్దంలోనే ఎలిజబెత్ అనే హంగేరీ రాజకుమారి 1227లో భర్త పోగా ఆ ఊరు చేరింది. ఆ మరుసటి ఏడు ఆసుపత్రి పెట్టి రోగులకు స్వయంగా చాకిరీ చేసి 24 ఏళ్ళకే కన్నుమూసింది. ఆమె సమాధి మీద కట్టిన చర్చి నేటికీ ఆమె పేరనే ఉంది. ఆమె పేరు తలవకుండా ఆ ఊరి చరిత్ర చెప్పలేరు. మన ఊళ్ళల్లో భర్త పేర గుడి కట్టించిన కుప్పాంబిక ఎవరో తెలియకుండానే టీ తాగి లేచిపోతాం. డబ్బు లేక అని మాత్రం నేననుకోను. గుట్ట కింద ఫొటోలకు కట్టే ఏర్పాట్లకు డబ్బు ఎక్కడ నుంచో వస్తూనే ఉంటుంది.

ఇదంతా ఆ రాత్రి వనపర్తిలో భోజనాల దగ్గర నేను గొంతు పెంచి చెబుతూ ఉంటే అన్నయ్యగారు తల వంచుకుని వింటున్నారు. ఆయనకు పద్యాలంటే ఇష్టం. పోతన పద్యాలు చాలా నోటికొచ్చు. "ఏదీ, ఆ గోనోళ్ళ బిడ్డ పద్యం చదువు" అన్నారు. పిల్ల సెల్‌ఫోనులో చూసి చదివింది. బాగా చదివింది, యతి దగ్గర ఆగి, విడదీసి. అన్నయ్యగారు రెండోసారి చదివించుకున్నారు. అర్థమడిగారు. నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు కాదు చెల్లెమ్మా. దాన్ని జెప్పనీ."

పిల్ల చెప్పింది. మన్మథుడి దగ్గర కొంచెం తడబడింది, తండ్రి ముందు కదా. వయసు, సిగ్గు త్వరత్వరగా దాటేసింది. వంశం మాట దగ్గరకు వచ్చేసరికి తల ఎత్తి, తండ్రిని చూస్తూ చెప్పింది. మా ఆడబిడ్డ పెరుగు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది. అన్నయ్యగారు ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వసారాలోకి వెళ్ళి కూర్చున్నారు.

మేము తెల్లవారి బయల్దేరేటప్పటికి పుస్తకాల కట్ట అటక మీద లేదు, బల్ల మీద ఉంది. ఎవరు దించారో నేనడగలేదు. ఫీజు కట్టడానికి గడువు ఇంకా ఎనిమిది రోజులుందట. భూత్పూరు రాగానే మా వారు అలవాటు ప్రకారం టీ కొట్టు ముందు ఆపారు. నేను టీ వద్దన్నాను. పాత శివాలయం ఎటువైపని అడుగుతూ ఊళ్ళోకి నడిచాను.